రంధ్రం ఉన్న చెవికి ఇంత పోటు ఎందుకు?

అనంతపురం జిల్లా నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. ఆమెకు 34 ఏళ్లు. ఇంట్లోనే మిషను పెట్టుకుని జీన్స్ ప్యాంట్లు కుడతారు. పీసుకు ఇంత అని లెక్క, కుట్టని రోజు కూలి లేదు. భర్త ఆటో నడుపుతారు. తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటారు.

కుడి చెవి చిన్నప్పటి నుంచీ కారేదట. జలుబు చేస్తే కారడం, కొన్నాళ్లకు దానంతటదే ఆరిపోవడం. నొప్పి మాత్రం పెద్దగా ఉండేది కాదు. రెండేళ్లుగా పరిస్థితి మారింది. రెండు మూడు నెలలకోసారి చెవిపోటు వస్తోంది. "పగలు మిషను శబ్దంలో ఎట్లో గడిచిపోతుంది. రాత్రి అందరూ పండుకున్నాక మొదలవుతుంది. దిండుకు చెవి ఆనించలేను. గోడకు ఆనుకుని కూర్చునే తెల్లార్చుకుంటాను" అని రాశారు. ఒకసారి జలుబు, జ్వరంతో పాటు పోటు వచ్చి, మూడో రోజు రక్తం కలిసిన చీము కారి, ఆ వెంటనే నొప్పి మాయమైంది. ఈమధ్య రెండుసార్లు మాత్రం ముందు విపరీతమైన దురద, ఆ తర్వాత చెవి ముట్టుకుంటేనే భరించలేనంత నొప్పి. దురద పుడితే తలపిన్నుతో గోక్కుంటారు. కొన్ని నెలలుగా కారేది కొంచెమే అయినా వాసన వస్తోంది. దిండు గలేబుకు కూడా ఆ వాసనేనని, భర్త పక్కన పడుకోవాలంటే సిగ్గుగా ఉందని రాశారు.

తట్టుకోలేనప్పుడు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు. రెండు రోజులు హాయి, మళ్లీ మామూలే. మెడికల్ షాపులో నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్ తెచ్చుకుంటారు. చుక్కల మందు సీసా దాచిపెట్టుకుని నొప్పి వచ్చినప్పుడల్లా వేసుకుంటారు. ఇప్పుడు కడుపులో మంట మొదలైంది. అత్తగారు శెనగనూనెలో తెల్లగడ్డ కాచి గోరువెచ్చగా చెవిలో పోస్తారు.

రెండేళ్ల కిందట ఒక డాక్టరు చూసి "చెవి లోపలి పొరకు రంధ్రం ఉంది, ఆపరేషన్ చేయించుకుంటే మంచిది" అన్నారు. ఆ ఆపరేషన్ చేస్తే మూతి వంకర పోతుందని పక్కింటావిడ చెప్పడంతో భయపడి, చీటీని బీరువాలో పెట్టేశారు. భర్తకు చెప్పలేదు. "నీ చెవి ఎప్పుడూ ఉండేదే కదా" అన్నది ఆయన మాట. నిద్రలేని ఒక పొద్దున, జడ వేయించుకోనని మారాం చేసిన పాపను గట్టిగా కొట్టి, తర్వాత తానే కూర్చుని ఏడ్చారట.

ఆమె అడిగినవి: రాత్రి నొప్పికి ఏం వేసుకోవాలి, ఎన్ని వేసుకోవచ్చు? ప్రతిసారీ యాంటీబయాటిక్ అవసరమా? ఆపరేషన్ తప్పదా? బాబుకు కూడా జలుబు చేస్తే చెవి పట్టుకుని ఏడుస్తున్నాడు, నా జబ్బే వాడికీ వచ్చిందా?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. చిన్నప్పటి నుంచి కారే చెవి, పొరకు రంధ్రం ఉన్న చెవి, మామూలుగా నొప్పి పెట్టదు. చాలామంది ఏళ్ల తరబడి చీము కారుతున్నా డాక్టరు దగ్గరకు వెళ్లకపోవడానికి కారణమే అది, నొప్పి ఉండదు కాబట్టి. మీకూ చిన్నప్పుడు అలాగే జరిగింది. అలాంటి చెవి రెండేళ్లుగా నొప్పి పెడుతోందంటే అక్కడ కొత్తగా ఏదో మొదలైందని అర్థం. మీ ఆయన అన్న "ఎప్పుడూ ఉండేదే" అన్న మాట కారడం విషయంలో నిజం. ఈ నొప్పి విషయంలో మాత్రం నిజం కాదు. ఈ సంగతి మీ ఇద్దరికీ తెలియాలి.

చెవిపోటు ఎందుకొస్తుందో కొంచెం చెబుతాను. కర్ణభేరి పొరకు వెనక గాలి ఉండే చిన్న ఖాళీ ఉంటుంది, దాన్ని మధ్యచెవి అంటారు. అక్కడి నుంచి ముక్కు వెనక్కి ఒక సన్నని గొట్టం ఉంటుంది. గుటక వేసినప్పుడల్లా అది తెరుచుకుని లోపలి గాలిని సరిచేస్తుంది. జలుబు చేస్తే ఆ గొట్టం వాచి మూసుకుపోతుంది. లోపల నీరు చేరి, చీముగా మారి, బయటికి దారిలేక పొరను వెనక నుంచి నెడుతుంది. చెవిపోటు అంటే ఎక్కువగా ఈ ఒత్తిడే. పడుకున్నప్పుడు తలకు రక్తం ఎక్కువ చేరి వాపు పెరుగుతుంది కాబట్టి రాత్రిళ్లు పోటు ఎక్కువ. పొర చిట్లి చీము బయటపడితే ఒత్తిడి పోయి నొప్పి ఒక్కసారిగా తగ్గిపోతుంది. జ్వరంతో వచ్చిన ఆ ఒక్కసారి మీకు జరిగింది ఇదే అయి ఉండొచ్చు. పాత రంధ్రం మీద పలుచని పొర ఏర్పడో, చీము గడ్డకట్టి దారి మూసుకుపోయో ఒత్తిడి పెరిగి ఉంటుంది. నొప్పి పోయింది కాబట్టి నయమైందనుకున్నారు. ఒత్తిడి తగ్గింది, అంతే. ఇన్‌ఫెక్షన్ లోపలే ఉంది.

దురదతో మొదలైన రెండుసార్లు వేరే రకం. చెవి రంధ్రానికి ముందు, చెంపవైపు చిన్న మెత్తటి బుడిపె ఉంటుంది చూడండి. ఈసారి నొప్పి వచ్చినప్పుడు దాన్ని మెల్లగా నొక్కండి. తర్వాత చెవిని పైకి, వెనక్కి లాగి చూడండి. అప్పుడు నొప్పి జివ్వుమంటే, బాధ పొరకు ఇవతల, చెవి గొట్టం చర్మంలో ఉందని చాలావరకు చెప్పొచ్చు. పిన్నుతో గోకడం వల్ల ఆ చర్మం గీసుకుపోతుంది, పైన కారే చీముతో నానుతుంది. ఒకే చుక్కల మందును నెలల తరబడి వాడితే బ్యాక్టీరియా తగ్గి, ఆ తడిలో ఫంగస్ పెరుగుతుంది. దురద దాని మొదటి గుర్తు. అప్పుడు మళ్లీ అదే సీసా తీసి వేసుకుంటే ఫంగస్ ఇంకా పెరుగుతుంది. దానికి కావలసింది చెవి శుభ్రం చేయించుకోవడం, ఆ తర్వాత ఫంగస్‌కు పనిచేసే వేరే చుక్కలు.

మూడోది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది, ఆ వాసన. కొద్దిగానే కారుతూ, వాసన ఎక్కువగా ఉండే చెవిలో కొలెస్టియటోమా అనే సమస్య ఉందేమో చూడాలి. పొర మీది చర్మం లోపలికి ముడుచుకుపోయి, రాలిన చర్మపు పొట్టు ఎర్రగడ్డ పొరల్లా ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పెరుగుతుంది. ఇది క్యాన్సర్ కాదు. కానీ పక్కనున్న ఎముకను మెల్లగా తినేస్తుంది. మీకు అది ఉందని నేను అనడం లేదు, మీ చెవిలోకి నేను చూడలేదు. ఫంగస్ వల్ల కూడా వాసన రావచ్చు, లోపల నిలిచిపోయిన చీము వల్ల కూడా రావచ్చు. కానీ ఉందో లేదో మైక్రోస్కోపుతోనో, ఎండోస్కోపుతోనో చూస్తేనే తేలుతుంది. అనుమానం మిగిలితే స్కానింగ్ తీస్తారు. ఈ ఒక్క కారణానికే మీరు ఈ నెల దాటకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోవాలని గట్టిగా అడుగుతున్నాను. మిగతావన్నీ మీ వీలును బట్టి చేసుకోవచ్చు, దీన్ని మాత్రం వాయిదా వేయకండి.

ఇప్పుడు రాత్రి సంగతి. డాక్టరు దగ్గరకు వెళ్లేదాకా గోడకు ఆనుకుని కూర్చోవాల్సిన పని లేదు. నొప్పి తగ్గించుకుంటే జబ్బు కనపడకుండా పోతుందని కొందరు ఓర్చుకుంటారు. చెవిలో చూస్తే జబ్బు కనపడుతుంది, దానికి మీరు నొప్పి పడుతూనే ఉండనక్కర్లేదు. యాంటీబయాటిక్ వేసుకున్నా మొదటి రోజు నొప్పి దానివల్ల తగ్గదు, నొప్పికి మందు వేరేగా వేసుకోవాల్సిందే.

మీకు కడుపులో మంట ఉంది కాబట్టి ముందు వేసుకోవాల్సింది పారాసెటమాల్. 650 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, కనీసం ఆరు గంటల తేడాతో, 24 గంటల్లో నాలుగుకు మించకుండా. లివర్ జబ్బు ఉన్నా, బరువు మరీ తక్కువగా ఉన్నా ఆ లెక్క ఇంకా తగ్గాలి, డాక్టరును అడగండి. పోటు ముదిరి తల పట్టుకునేదాకా ఆగకండి. మొదలవుతోందని తెలియగానే వేసుకోండి, పడుకోవడానికి అరగంట ముందు ఒకటి పడేలా చూసుకోండి. ముదిరిన నొప్పిని దించడం కష్టం, మొదట్లో ఆపడం తేలిక. రెండు మూడు రోజులు ఇలా వేసుకున్నా తగ్గకపోతే మాత్ర పెంచడం కాదు, చెవి చూపించుకోవాలి.

షాపులో ఇచ్చే మాత్రల గురించి ఒక జాగ్రత్త. స్ట్రిప్పు నుంచి రెండు మాత్రలు కత్తిరించి చేతిలో పెడతారు, పేరు రాసి ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. మీరు వేసుకునేది ఏమిటో మీకు తెలియదు. "నొప్పి మాత్ర" అని ఇచ్చేవాటిలో చాలావాటిలో డైక్లోఫెనాక్ గానీ ఎసిక్లోఫెనాక్ గానీ పారాసెటమాల్‌తో కలిపి ఉంటుంది. జలుబు మాత్రల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది. జలుబుకొకటి, జ్వరానికొకటి, చెవికొకటి వేసుకుంటే ఒకే మందు మూడుసార్లు లోపలికి పోతుంది. అడిగి పేరున్న ముక్కను చూడండి, లేదంటే ఫోనులో ఫొటో తీసుకోండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ అన్నీ ఒకే జాతి మందులు. నొప్పికి బాగానే పనిచేస్తాయి, కానీ కడుపులో పుండు చేయగలవు, కిడ్నీ జబ్బు, బీపీ ఉన్నవాళ్లకు మంచివి కావు. మీ కడుపు మంట వీటివల్లే కావచ్చు. ఆ మంట తగ్గేదాకా వీటి జోలికి పోకండి. తర్వాతైనా డాక్టరు చెబితేనే, అన్నం తిన్నాకే, ఒకసారికి ఒకే రకం. మలం నల్లగా తారులా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆర్‌ఎంపీ వేసే సూదిలో ఏముందో కూడా అడగండి. కొన్నిచోట్ల నొప్పి మందుతో పాటు స్టెరాయిడ్ కలిపి వేస్తుంటారు. వాపు గబగబా దిగి రెండు రోజులు హాయిగా ఉండటం మంచిదనే అనిపిస్తుంది. కానీ అది చీమును తీసేయదు. మళ్లీ మళ్లీ పడితే షుగర్ పెరగొచ్చు, ఒంట్లో ఇన్‌ఫెక్షన్‌ను ఎదిరించే శక్తి తగ్గుతుంది. ఆయన మీకు అర్ధరాత్రి తలుపు తీసే మనిషి, ఆ సాయం చిన్నది కాదు, ఆయనతో పోట్లాడమని చెప్పను. సూది వేసే ముందు పేరు కాగితం మీద రాసివ్వమని అడిగితే చాలు.

పడుకునేటప్పుడు రెండు దిండ్లు పెట్టుకుని తల ఎత్తుగా ఉంచండి, నొప్పి చెవి పైకి ఉండేలా తిరగండి. పెనం మీద వేడిచేసిన మడత గుడ్డను ముందు మీ చెంపకు ఆనించి చూసుకుని, చెవి చుట్టూ పది పదిహేను నిమిషాలు కాపడం పెట్టండి. చాలామందికి ఇది హాయినిస్తుంది. చీము కారుతుంటే దూది బిగించి కుక్కకండి. వదులుగా పెట్టి, తడిసినప్పుడల్లా మార్చండి, కారేది బయటికి రావాలి.

కాపడం సంగతి మీ అత్తగారి కోసం కూడా చెప్పాను. ఆమె నూనె పోస్తున్నది ప్రేమతో. మామూలు చెవికి గోరువెచ్చటి నూనె అంత హాని చేయదు. రంధ్రం ఉన్న చెవిలో మాత్రం నూనె, దానితో పాటు చెవి గొట్టంలోని మురికి, నేరుగా మధ్యచెవిలోకి దిగిపోతాయి. వేడి అంచనా తప్పితే కాలుతుంది. డాక్టరు చూసేటప్పుడు లోపల ఏమీ కనపడదు. ఈ మాట మీరు చెబితే "మా కాలంలో ఇట్లే చేసినాం" అనొచ్చు. ఆసుపత్రికి ఆమెను కూడా వెంటబెట్టుకుని వెళ్లండి, డాక్టరు నోటితోనే చెప్పించండి. ఇంటికొచ్చాక కాపడం పని ఆమెకే అప్పగించండి. మీకోసం ఏదో చేస్తున్నానన్న తృప్తి ఆమెకూ ఉంటుంది, మీ చెవిలోకి ఏమీ పోదు. పెరాక్సైడ్ చుక్కలు, ఆకు పసర్లు, చనుబాలు కూడా నూనె లెక్కలోకే వస్తాయి, రంధ్రం ఉన్న చెవిలోకి ఏవీ పోయకూడదు.

యాంటీబయాటిక్ ప్రతిసారీ అవసరమా అన్నారు. మీలాంటి కారే చెవికి మింగే మాత్రల కన్నా, చెవి శుభ్రం చేశాక వేసే చుక్కలే ఎక్కువసార్లు బాగా పనిచేస్తాయి. మందు నేరుగా చీము దగ్గరకు చేరుతుంది కాబట్టి. శుభ్రం చేయడమంటే ఆసుపత్రిలో సక్షన్‌తో చీము లాగేయడం. అది చేయకుండా వేసిన చుక్క చీము మీదే ఆగిపోతుంది. రంధ్రం ఉన్న చెవికి సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ రకం చుక్కలు సురక్షితం. జెంటామైసిన్, నియోమైసిన్ ఉన్న చుక్కలు లోపలి చెవిలోకి చేరితే వినికిడి దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే షాపులో "చెవిపోటుకు చుక్కలు" అని అడిగి తెచ్చుకోవద్దంటున్నాను, మీ పొరకు రంధ్రం ఉందని షాపు వాళ్లకు తెలియదు. మీ దగ్గరున్న పాత సీసా పారేయండి, మూత తీసిన నెల తర్వాత ఏ చుక్కల మందూ వాడకూడదు. కొత్త మందు వేసుకునేటప్పుడు సీసాను గుప్పిట్లో కాసేపు పట్టుకుని వెచ్చబరచండి, చల్లటి చుక్క పడితే కళ్లు తిరుగుతాయి. పక్కకు పడుకుని వేసుకుని, ఇందాక చెప్పిన బుడిపెను నాలుగైదుసార్లు మెల్లగా నొక్కి, ఐదు నిమిషాలు అలాగే ఉండండి. జ్వరం ఉన్నా, చెవి చుట్టూ వాపు ఉన్నా మాత్రలు కూడా అవసరమవుతాయి. అప్పుడు మధ్యలో ఆపకుండా డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాలి. ఎంతకీ తగ్గకపోతే చీము తీసి ల్యాబుకు పంపి, ఏ మందుకు లొంగుతుందో చూస్తారు.

తలస్నానం రోజు వ్యాసిలిన్ రాసిన దూది ఉండను చెవికి పెట్టుకుని, స్నానం కాగానే తీసేయండి. తలపిన్ను మాత్రం దయచేసి మానేయండి. దురద ఆగకపోతే అది మందు మార్చాల్సిన సమయం వచ్చిందని గుర్తు.

ఇక ఆపరేషన్. పక్కింటావిడ చెప్పిన మాట పూర్తిగా కట్టుకథ కాదు. ముఖాన్ని కదిలించే నరం మధ్యచెవి ఎముకలోంచే పోతుంది. చెవి ఆపరేషన్‌లో దానికి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది, కానీ చాలా తక్కువ. డాక్టరును నేరుగా అడగండి, "నా విషయంలో ఆ ప్రమాదం ఎంత?" అని. దాంతో పాటు ఆమెకు తెలియనిది ఇంకొకటి ఉంది. కొలెస్టియటోమా ఉంటే, ఏ ఆపరేషనూ చేయించుకోకుండా ఇంట్లో కూర్చున్నా అది ఆ నరం పైనున్న ఎముకను తిని మూతి వంకర చేయగలదు. వినికిడి ఎముకలను తినగలదు, లోపలికి పాకితే మెదడు దాకా ఇన్‌ఫెక్షన్ వెళ్లగలదు. అది తేలితే మీ ముందున్న దారి ఒక్కటే, ఆపరేషన్. అందులో చెవి వెనక ఎముకను తెరిచి ఆ పొట్టంతా తీసేస్తారు. ప్రాణానికి, చెవికి భద్రత మొదటి ఉద్దేశం, వినికిడి రెండోది. తర్వాత కూడా ఏళ్లపాటు చూపించుకుంటూ ఉండాలి, కొందరిలో మళ్లీ వస్తుంది.

అది లేదు, ఉత్త రంధ్రమే అని తేలితే మీకు తీరిక ఉంది. రంధ్రానికి అతుకు వేయించుకోవచ్చు. మీ చెవి పైభాగాన కండరం మీదుండే పలుచని పొరనే తీసి అక్కడ అమరుస్తారు. ఎక్కువమందిలో అతుకుతుంది, కొందరిలో అతకదు, అప్పుడు రెండోసారి ఆలోచించాల్సి రావచ్చు. అతికితే నీళ్ల భయం పోతుంది, కారడం ఆగుతుంది, వినికిడి కొంత మెరుగుపడొచ్చు, ఖాయంగా మెరుగవుతుందని చెప్పలేం. నాలుక మీద ఒకవైపు రుచి కొన్నాళ్లు తేడాగా ఉండొచ్చు. ఆ తర్వాత కొన్ని వారాలు తలకు నీళ్లు పోసుకోకూడదు, ముక్కు గట్టిగా చీదకూడదు, బరువులు ఎత్తకూడదు. అంటే ప్యాంట్ల మూటలు మీరు దించకూడదు, ఎత్తకూడదు. పీసు కూలి మీద బతికే ఇంట్లో ఇది చిన్న విషయం కాదని నాకు తెలుసు. ఉత్త రంధ్రమైతే ఆర్డర్లు తక్కువుండే నెలలు చూసుకుని పెట్టుకోవచ్చు. చెవి కొన్ని వారాలు పొడిగా ఉన్నాక చేస్తే మంచిదని చాలామంది డాక్టర్లే చెబుతారు.

అసలు చేయించుకోకుండా కూడా ఉండొచ్చు. రంధ్రం అలాగే ఉంచుకుని, చెవిలోకి నీళ్లు పోకుండా చూసుకుంటూ, ఆరునెలలకోసారి చూపించుకుంటూ బతికేవాళ్లు ఎందరో ఉన్నారు. అప్పుడు మీరు ఒప్పుకోవాల్సింది ఏమిటంటే, జలుబు వచ్చినప్పుడల్లా కారొచ్చు, వినికిడి మెల్లగా తగ్గుతూ పోవచ్చు. ఏ దారి తీసుకున్నా ముందు ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేయించుకోండి. ఈరోజు ఎంత వినపడుతోందో కాగితం మీద ఉంటే, రేపు తగ్గిందో లేదో పోల్చుకోవడానికి వీలుంటుంది. ఏమీ చేయకుండా, ఏముందో తెలియకుండా, సూది నుంచి సూదికి నెట్టుకురావడం ఒక్కటే నేను ఒప్పుకోలేనిది.

ఖర్చు గురించి మీరు రాయలేదు కానీ భయం ఉండే ఉంటుంది. అనంతపురంలో మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్న పథకం కిందికి మీ ఆపరేషన్ వస్తుందో లేదో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి, 104కు ఫోన్ చేసినా చెబుతారు. ఆధార్, రేషన్ కార్డుతో పాటు బీరువాలో పెట్టిన ఆ పాత చీటీ తీసుకెళ్లండి. ఓపీ పొద్దునే ఉంటుంది, తొందరగా బయలుదేరండి.

కొన్నింటికి మాత్రం ఓపీ రోజు చూడకూడదు. చెవి వెనక ఎముక మీద వాపు వచ్చి చెవి ముందుకు నెట్టినట్టు కనిపించినా, మూతి ఒక పక్కకు లాగినా, కళ్లు గిర్రున తిరిగి నిలబడలేకపోయినా, వినికిడి ఉన్నట్టుండి పోయినా, తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం, మగతతో కూడిన జ్వరం ఏది వచ్చినా ఆ పూటే వెళ్లాలి. రాత్రయినా 108కు ఫోన్ చేయాలి. మీ అత్తగారికి ఇంకో మాట. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు నిద్రపట్టనివ్వని చెవిపోటు వస్తే దాన్ని కూడా ఇంతే తొందరగా చూపించాలి.

బాబు విషయం. మీ జబ్బు వాడికి అంటలేదు. చిన్నపిల్లల్లో ముక్కు వెనకాల గొట్టం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది కాబట్టి జలుబు చేస్తే తొందరగా చెవికి పాకుతుంది. పెద్దయ్యే కొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. నొప్పికి పారాసెటమాల్ సిరప్ ఇవ్వండి, కానీ సీసా మీద అంకె చూడండి. 5 మిల్లీలీటర్లకు 120 లేదా 125 మిల్లీగ్రాములది ఒకటి, 250ది ఒకటి దొరుకుతాయి. ఒకే చెంచాలో మందు రెట్టింపు తేడా ఉంటుంది. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటల తేడాతో, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. నిమెసులైడ్ ఇస్తే తీసుకోకండి, 12 ఏళ్లలోపు పిల్లలకు దాన్ని మన దేశంలో 2011లోనే నిషేధించారు. ఆస్పిరిన్ కూడా వద్దు. రెండు రోజుల్లో తగ్గకపోయినా, చెవి కారినా, జ్వరం ఎక్కువున్నా డాక్టరుకు చూపించండి. ఆరు నెలల్లో మూడుసార్లు వస్తే ఈఎన్‌టీకి చూపించాలి. ఇంట్లో ఎవరైనా బీడీ కాల్చేవాళ్లుంటే వాకిట్లోకి కాదు, వీధిలోకి పంపండి. పొగ పీల్చే పిల్లలకు చెవిపోట్లు ఎక్కువ. అంగన్‌వాడీకి వెళ్తుంటే, అక్కడికి పరీక్షలకు వచ్చే వైద్య బృందంతో చెవులు కూడా చూడమని చెప్పండి.

పాపను కొట్టినందుకు మీరు పడుతున్న బాధ ఉత్తరం నిండా ఉంది. రాత్రంతా నిద్రలేని మనిషికి ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? తొమ్మిదేళ్ల పిల్లకు చెబితే అర్థమవుతుంది. "అమ్మకు చెవి నొప్పి, రాత్రి నిద్రలేదు, నిన్ను కొట్టడం తప్పు" అని ఒకసారి చెప్పండి. కుడివైపు నుంచి పిలిస్తే అమ్మకు సరిగా వినపడకపోవచ్చని, ఎడమవైపు వచ్చి మాట్లాడమని కూడా చెప్పండి. మీరు పలకకపోతే కోపమొచ్చిందనుకునే పిల్లలుంటారు.

మీ ఆయనకు ఆపరేషన్ గురించి చెప్పడానికి భయపడుతున్నారు కదా. ఆపరేషన్ అన్న మాటతో మొదలుపెట్టకండి. "చిన్నప్పటి నుంచి కారేది నిజమే, ఈ పోటు మాత్రం రెండేళ్లుగానే వస్తోంది, ఎందుకో చూపించుకోవాలి, నువ్వు వెంట రా" అని అడగండి. ఆ రోజు ఆటో తీయకపోతే కూలి పోతుందంటారేమో. సూదులకు, మాత్రలకు మీరు ఈ ఏడాది పెట్టిన డబ్బు, కుట్టకుండా పోయిన రోజులు ఒక కాగితం మీద రాసి చూపించండి. వాసన గురించి కూడా దాచకండి. ఆయన ఇప్పటికే గమనించి ఉంటారు, ఎందుకో తెలియక ఊరుకుని ఉంటారు.

డాక్టరు చూశాక నాకు మళ్లీ రాయండి. లోపల చర్మపు పొట్టు ఉందన్నారా, లేక ఉత్త రంధ్రమేనన్నారా అన్నది తప్పకుండా రాయండి. వినికిడి పరీక్ష కాగితంలో ఏముందో కూడా రాస్తే, ఆపరేషన్ సంగతి అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.